పైన ముగ్గురు, కింద ఒకడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, కిందటి సెప్టెంబరు చివరి వారంలో నలుగురు మిత్రులం కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయకు హ్యాంగ్ గ్లైడర్లు (కింద మనిషి బోర్లా వేలాడుతూ ఎగిరే రెక్కలు) వ్యాను పైన కట్టుకొని వెళ్ళామనీ, ముగ్గురు ఎగిరారనీ, వాళ్ళలో ఒకాయన ఇంజను లేని ఆ రెక్కతో ఒకే పూటలో 150 కిలోమీటర్లు దాటి వెళ్ళి దిగారనీ నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాల మీద వచ్చిన ఉత్తరాలే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆక్రమించాయి. ఒకే సంగతి అడిగినవాళ్ళ ప్రశ్నలను ఒకటిగా చేర్చి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ముప్ఫై రెండేళ్ళు భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఇంజను లేని బరువు గాలిలో జారుతూ కిందికి రావలసిందే గదా, 150 కిలోమీటర్లు ఎలా పోతుంది? ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తున్నది? కబుర్లు వద్దు, లెక్క చూపించండి. – ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ సూత్రంలో తప్పు లేదు. హ్యాంగ్ గ్లైడర్ ఎగిరినంతసేపూ కిందికి జారుతూనే ఉంటుంది. కదలని గాలిలో అది సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున దిగుతుంది; మామూలు రకమైతే ఒక మీటరు దిగేలోగా పది పన్నెండు మీటర్లు, పోటీలలో వాడే రకమైతే పదిహేను మీటర్ల దాకా ముందుకు పోతుంది. అయితే అది జారుతున్న గాలే పైకి లేస్తుంటే, ఆ లేచే వేగం గ్లైడర్ దిగే వేగం కంటే ఎక్కువైతే, అది జారుతూనే పైకి పోతుంది. వేసవి మధ్యాహ్నం మీ ఊరి పొలిమేరలో గద్ద ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ చుక్కంత అయిపోవడం మీరు చూసే ఉంటారు. దాని రెక్కల కింద ఉన్నదీ ఇదే గాలి.

ఎండకు నేలంతా ఒక్కలా కాగదు. నీళ్ళు నిలిచిన మడి చల్లగానే ఉండగా, పక్కనున్న రాతిగుట్ట కాలు పెట్టలేనంతగా కాగుతుంది. ఆ గుట్ట మీది గాలి వేడెక్కి, తేలికై, ఒక దశలో నేల నుంచి విడివడి బుగ్గలా పైకి లేస్తుంది. దానిని ఎగిరేవాళ్ళు థర్మల్ అంటారు. బీడు నేలల్లో ఎండుటాకులనూ కాగితాలనూ ఎత్తుకుపోయే సుడిగాలి ఆ బుగ్గకు నేలమీద కనిపించే పాదం. మీరడిగిన శక్తి సూర్యుడిదే. ఎగిరేవాడు చేసేదల్లా అది ఏ రాతి మీద నుంచి లేస్తున్నదో కనిపెట్టి, ఆ బుగ్గ బయటికి జారిపోకుండా అందులోనే గుండ్రంగా తిరగడం. చేతికి దగ్గరగా వేరియోమీటరు అనే చిన్న పరికరం ఉంటుంది; పైకి పోతున్నప్పుడు అది కీచుకీచుమంటుంది, ఎక్కే వేగం పెరిగే కొద్దీ ఆ కీచు వడిగా, సన్నగా మారుతుంది. అనుభవజ్ఞులు దానిని చూడరు, వింటారు.

ఇక లెక్క. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో లేస్తున్నదనుకోండి. గ్లైడర్ అందులో ఒక మీటరు దిగుతుంది గనుక నికరంగా 3 మీటర్ల చొప్పున ఎక్కుతుంది. అంటే 1000 మీటర్లు ఎక్కడానికి ఐదున్నర నిమిషాలు. ఆ 1000 మీటర్లనూ ఖర్చు పెడుతూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో జారితే 10 కిలోమీటర్లు, 12 నిమిషాలు. ఎక్కడం, జారడం కలిపి పదిహేడున్నర నిమిషాలకు 10 కిలోమీటర్లు. గంటకు సుమారు 34. ఈ లెక్కన 150 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు పట్టాలి. మా మిత్రుడికి ఐదు పట్టింది. ఆ తేడా, గాలి లేవని చోట లేస్తుందని ఆశపడి తిరిగిన తిరుగుళ్ళది.

ఇందుకు ఓవెన్స్ లోయే ఎందుకంటే, అది ఎండా రాయీ తప్ప మరేమీ లేని చోటు. పడమర సియెర్రా నెవాడా, తూర్పున ఇన్యో, వైట్ పర్వతాలు. సియెర్రా శిఖరాలలో విట్నీ పర్వతం ఎత్తు 14,505 అడుగులు, వైట్ పర్వతాలలో పెద్దది కూడా 14,000 దాటుతుంది, మధ్యలో లోయ అడుగు మాత్రం 4,000 అడుగుల దగ్గరే ఉంటుంది. పసిఫిక్ నుంచి వచ్చే మబ్బులు తమ నీటిని సియెర్రాకు అవతలి వైపే కురిసేసి వస్తాయి; అనంతపురం వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఉన్న కాస్త నీటినీ 1913లో పూర్తయిన కాలువ లాస్ ఏంజెలస్ నగరానికి పట్టుకుపోయింది. ఉదయం ఎండ సియెర్రా తూర్పు ముఖం మీద పడుతుంది, మధ్యాహ్నం వైట్ పర్వతాల పడమటి ముఖం మీద పడుతుంది. కనుక పొద్దున్నే సియెర్రా వైపు నుంచి బయలుదేరి, ఉత్తరంగా పోతూ, మధ్యాహ్నానికి లోయ దాటి ఎదుటి పర్వతాలకు చేరడం అక్కడి పద్ధతి. దాటడమే కష్టం. రెండు వైపులా కొండవాలుల వెంట పైకి లేచిన గాలికి బదులుగా లోయ నడుమ గాలి దిగుతూ ఉంటుంది. ఆ పదిహేను ఇరవై నిమిషాలూ వేరియో కీచుమనదు.

ప్రశ్న: నేను హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్ చేశాను. హ్యాంగ్ గ్లైడింగ్ అంటే అదేనా? హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ దీన్ని నేర్చుకోవచ్చా? – ఒక యువకుడు, కూకట్‌పల్లి

జవాబు: అదే కాదు, కాని దాయాదులే. పారాగ్లైడర్‌లో చట్రం ఉండదు. గుడ్డ, దారాలు, కింద కూర్చునే పట్టీల ఆసనం. గాలి నిండినంతసేపే అది రెక్క. హ్యాంగ్ గ్లైడర్‌కు అల్యూమినియం గొట్టాల చట్రం, దాని మీద బిగించిన తెర ఉంటాయి. మనిషి బోర్లా పడుకుని, ముందున్న త్రికోణపు చట్రాన్ని చేతులతో పట్టుకుని, తన ఒంటి బరువును అటూ ఇటూ జరుపుతూ దానిని తిప్పుతాడు. గతుకుల గాలిలో పారాగ్లైడర్ ఒక పక్క ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోవచ్చు. హ్యాంగ్ గ్లైడర్ ముడుచుకోదు, వేగమూ ఎక్కువే, కాని మితిమీరిన గాలిలో అది తలకిందులు కాగలదు. పారాగ్లైడర్‌ను వీపున వేసుకుని బస్సెక్కవచ్చు. హ్యాంగ్ గ్లైడర్ మడిచినా ఐదారు మీటర్ల పొడవు, ముప్ఫై కిలోల బరువు. దాన్ని మోసే వాహనం, ఆ వాహనాన్ని నడిపే మనిషి, దిగడానికి కాస్త పెద్ద మైదానం కావాలి.

ఈ కారణాల వల్లనే మన దేశంలో ఎగిరేవాళ్ళలో అత్యధికులు పారాగ్లైడింగ్ వైపు వెళ్ళారు. ధౌలాధార్ పర్వతాల ఒడిలో, సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్‌లో 1980లలో హ్యాంగ్ గ్లైడర్లు కూడా ఎగిరాయి. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ జరిగే నాటికి ఆ కొండ పూర్తిగా పారాగ్లైడర్లదైపోయింది.

మరొక మాట, కొంచెం కటువుగా తోచినా చెప్పాలి. పైలట్ వెనక ఉండగా ముందు కూర్చుని ఇరవై నిమిషాలు ఎగరడం బస్సులో ప్రయాణించడం వంటిది. దానితో బస్సు నడపడం రాదు. మీకు సెలవులు తక్కువ గనుక ముందు మన దేశంలోనే గుర్తింపు పొందిన శిక్షకుడి దగ్గర పారాగ్లైడింగ్ క్రమంగా నేర్చుకోండి. గాలిని చదవడం రెండింటికీ ఒక్కటే, ఆ చదువు వృథా పోదు.

ప్రశ్న: దీనికి లైసెన్సు కావాలా? ఎంత ఎత్తైనా పోవచ్చా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీరుంటున్న దేశంలో ఇంజను లేని, 155 పౌండ్ల లోపు బరువున్న గ్లైడర్‌కు రిజిస్ట్రేషనూ, నడిపేవాడికి ప్రభుత్వ లైసెన్సూ అక్కరలేదు. పగటి వెలుగులోనే ఎగరాలి, జనావాసాల మీద ఎగరకూడదు. కాని ఎగిరేవాళ్ళ సంఘం ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు పెట్టింది. చాలా కొండల మీద ఆ మెట్టు చూపించనిదే పైకి రానివ్వరు. 18,000 అడుగుల నుంచి పైన ఉన్నది పెద్ద విమానాల ఆకాశం, అనుమతి లేకుండా అక్కడికి పోరాదు. విమాన పైలట్లు 12,500 అడుగులు దాటి అరగంట మించి ఉంటేనూ, 14,000 దాటితే ఉన్నంతసేపూ ఆక్సిజన్ వాడాలన్న నిబంధన ఉంది. హ్యాంగ్ గ్లైడర్లకు అది వర్తించకపోయినా మావాళ్ళు దానినే పాటించారు. ఎందుకంటే ప్రాణవాయువు తగ్గిన మనిషికి భయం వేయదు, హుషారు వస్తుంది. వైల్డర్‌నెస్‌గా, అంటే మనిషి జోక్యం లేకుండా వదిలేయవలసిన చోటుగా, ప్రకటించిన జాతీయ అడవుల్లో హ్యాంగ్ గ్లైడర్‌ను దగ్గర ఉంచుకోవడం కూడా నిషిద్ధమని మరిచిపోకండి. ఓవెన్స్ లోయ పక్కనున్న కొండల్లో చాలా భాగం అలాంటిదే.

ప్రశ్న: దీన్ని కనిపెట్టిందెవరు? ఇప్పటివరకు అందరికంటే దూరం పోయిందెవరు? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి దాదాపు రెండు వేల సార్లు కొండల మీద నుంచి ఎగిరి, 1896లో గ్లైడర్ కూలి మరణించాడు. నేటి గుడ్డ రెక్కకు మూలపురుషుడు అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ రొగాలో; 1948లో ఆయన, ఆయన భార్య గెర్ట్రూడ్ తమ వంటింటి తెరగుడ్డతో ఆ రెక్క నమూనాను తయారుచేశారు. ఆ తరహా రెక్కకు మనిషి పట్టుకునే త్రికోణపు చట్రాన్ని 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్‌సన్ అమర్చాడు. దూరంలో రికార్డు 764 కిలోమీటర్లు: 2012 జులైలో డస్టిన్ మార్టిన్ టెక్సస్ రాష్ట్రంలోని జపాటా నుంచి ఎగిరాడు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద కూడా అంత దూరం లేదు.

ప్రశ్న: ముగ్గురు ఎగిరారని రాశారు, వెళ్ళింది నలుగురని కూడా రాశారు. మరి మీరేం చేశారు? మీ మాటే లేదే? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: దొరికిపోయాను. నేను కారు నడిపాను. సంఘం లెక్కలో నాది మూడో మెట్టు. ఆ లోయకు నాలుగు ఉండాలని మాలో మేము పెట్టుకున్న నియమం. ఎగిరిన ముగ్గురిలో ఒకతను నెల్లూరు వాడు, మరొకాయన మైసూరు నుంచి వచ్చిన కన్నడిగుడు, మూడో ఆయన అరవై దాటిన అమెరికన్ వడ్రంగి. దూరాలు ఎగిరే ఆటలో నేలమీది మనిషికి ఎవరూ చప్పట్లు కొట్టరు గాని, అతను లేకపోతే పైవాళ్ళు దిగిన చోట అడవిలో రాత్రి గడపవలసిందే.

ఒక రోజు చెబుతాను. ఉదయం ఆరు గంటలకు లోన్ పైన్ అనే చిన్న ఊళ్ళో, వ్యాను పైన నిచ్చెనలు కట్టినట్టు మూడు గ్లైడర్లనూ కట్టాం. అక్కడి నుంచి కొండ అంచున మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు 9,000 అడుగుల ఎత్తున ఉన్న వాల్ట్స్ పాయింటుకు చేరుస్తుంది. ఆ ఎత్తున గాలి పలచన గనుక రెక్క లేవాలంటే సముద్రమట్టం దగ్గర కంటే సుమారు 15 శాతం వేగంగా పరుగెత్తాలి. అది కూడా భుజాన ముప్ఫై కిలోల రెక్కతో, ఎదురుగా ఐదు వేల అడుగుల లోతు కనిపిస్తుండగా. కొండ అంచున పొదకు ఒక పసుపు రంగు రిబ్బను కట్టి ఉంటుంది. ముగ్గురూ గొట్టాలు బిగిస్తూ, తెరలోకి బద్దలు దూరుస్తూ, మాట్లాడుకుంటూనే నిమిషానికోసారి ఆ రిబ్బను వైపు చూస్తారు. అది వాళ్ళ ముఖాల మీదికి ఎగురుతున్నంతసేపూ గాలి ఎదురుగా వస్తున్నట్టు. లోయ వైపు వాలితే ఆ రోజు ఎగరడం లేనట్టు.

గ్లైడర్ సిద్ధమయ్యాక ఎగరబోయే ముందు చేసే పని ఒకటుంది, నా దృష్టిలో ఈ ఆట మొత్తంలో ముఖ్యమైనది అదే. పైలట్ తన హార్నెస్‌ను (ఒంటికి తొడుక్కున్న పట్టీల తొడుగును) పట్టీ ద్వారా గ్లైడర్‌కు కొక్కెంతో తగిలించుకుంటాడు. ఆ కొక్కెం తగిలించడం మరిచి పరుగెత్తి చనిపోయిన అనుభవజ్ఞులు ఉన్నారు. 2018లో స్విట్జర్లాండులో ఒక పర్యాటకుణ్ణి గ్లైడర్‌కు తగిలించడం పైలట్ మరిచిపోతే, అతను రెండు నిమిషాలకు పైగా చేతులతో వేలాడి బతికిన వీడియో మీలో చాలామంది ఫోన్లలోకి వచ్చే ఉంటుంది. కనుక నేను ముందుకు వెళ్ళి గ్లైడర్ ముక్కు దగ్గరి తీగలు రెండు చేతులతో పట్టుకుంటాను. పైలట్ తన పూర్తి బరువుతో చట్రంలో బోర్లా వేలాడతాడు. నేను కిందికి వంగి కొక్కెం మూసుకుందా, మర బిగిసిందా, పట్టీ మెలిక పడలేదు కదా అని వేలితో తడిమి, పైకి గట్టిగా చెబుతాను. మా వడ్రంగి మిత్రుడు నలభై ఏళ్ళుగా ఎగురుతున్నాడు. ఆయనకూ నేనిలాగే తడిమి చెప్పాలి, చెప్పేదాకా ఆయన లేవడు.

పదకొండుంబావుకు ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. కొండ మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. నా దగ్గర మిగిలినవి ఒక రేడియో, సగం పులిహోర డబ్బా, వ్యాను తాళంచెవి. గేరు తగ్గించి, బ్రేకులు కాలిపోకుండా ఆగుతూ ఆగుతూ కిందికి దిగేసరికే రేడియోలో నెల్లూరు గొంతు: "అన్నా, ఎత్తు దొరకడం లేదు. ఇండిపెండెన్స్ దగ్గర దిగుతున్నా." నలభై కిలోమీటర్లకే అతని రోజు అయిపోయింది. 395 నంబరు రహదారి పట్టుకుని వెళ్తే, రోడ్డుకు అర కిలోమీటరు లోపల తుప్పల మధ్య రెక్క కనిపించింది. దిగేటప్పుడు పొద కాలికి తగిలి ముందుకు పడ్డాడు. మనిషికి ఏమీ కాలేదు గాని త్రికోణపు చట్రం పక్క గొట్టం ఒకటి వంగిపోయింది. ఆ గొట్టం వంగడానికే ఉన్నదన్నట్టు అందరూ ఒకటో రెండో విడిగా తెచ్చుకుంటారు. కొత్త చీర చిరిగినంత ముఖం పెట్టుకుని వ్యానెక్కిన నెల్లూరు తమ్ముడికి మిగిలిన పులిహోర పెట్టాను.

మైసూరు మిత్రుడు బిగ్ పైన్ దాకా, డెబ్బై ఎనభై కిలోమీటర్లు వచ్చి, నీళ్ళు పెట్టిన పచ్చిక బీడు చూసుకుని బుద్ధిగా దిగాడు. పచ్చిక మీద గాలి లేవదు గనుక దిగడానికి అది మెత్తని చోటు. కరెంటు తీగలు లేవని పైనుంచే మూడు చుట్లు తిరిగి చూశానని ఆయనే చెప్పాడు. నేను అవతలి గట్టున ఉన్న కంచె తలుపు తెరిచి, ఆవులు బయటికి రాకుండా మళ్ళీ వేసి, ఆయన్ని ఎక్కించుకున్నాను. ఆ తలుపును ఉన్నది ఉన్నట్టు వేయడం చిన్న సంగతి కాదు. ఒక్కరు వేయకుండా వస్తే, ఆ భూమిలో మరెవరూ దిగనక్కరలేదని పశువుల కాపరి నిర్ణయిస్తాడు.

వడ్రంగి మాత్రం లోయ దాటేశాడు. వైట్ పర్వతాల వెనక రేడియో అందలేదు. బిషప్ ఊళ్ళో ఫోనుకు సిగ్నలు రాగానే ఆయన మోసుకెళ్ళిన ఉపగ్రహ సూచిక (తానున్న చోటును తెలిపే పరికరం) పది నిమిషాలకోసారి పంపిన చుక్కలు వరుసగా తెర మీదికొచ్చాయి. చుక్కలు ఉత్తరంగా సాగుతున్నంతసేపూ మాకు సరదాగా ఉంది. చివరి రెండు చుక్కలూ ఒకే చోట పడగానే వ్యానులో ముగ్గురం మాట్లాడటం మానేశాం. ఒకే చోట రెండు చుక్కలంటే క్షేమంగా దిగాడనైనా కావచ్చు, మరేదైనా కావచ్చు. ఆ వెనకే "దిగాను, బాగున్నాను" అన్న సందేశం వచ్చేదాకా పట్టిన నాలుగు నిమిషాలు ఈ యాత్రలో నాకు బాగా గుర్తున్న నాలుగు నిమిషాలు. నెవాడా సరిహద్దుకు దగ్గరగా, బెంటన్ అనే కుగ్రామం పక్కన ఆయన దొరికేసరికి పొద్దు వాలుతున్నది. గ్లైడర్ మడిచేసి, దాని మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మిత్రులతో కలిసి ఇలాగే కొండలకు వెళ్తున్నానని మీ రాత చూపించి మరీ చెప్పాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వద్దంటే వినడు. వాణ్ణి నేనేం అడగాలి? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, నా రాత చూపించి చెప్పాడన్నారు గనుక మీ నిద్ర పోయిన పాపంలో నాకూ వాటా ఉంది. ప్రమాదం లేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఉంది. ఈ ఆటలో చాలా ఏళ్ళ అనుభవమున్నవాళ్ళు కూడా పోయారు. అయితే నా ఎరుకలో చాలా ప్రమాదాలకు మూలం గాలిలో లేదు. బయలుదేరకూడని రోజున బయలుదేరడంలో, దిగవలసిన చోట దిగకుండా ఇంకొంచెం పోదామనుకోవడంలో ఉంది. మిత్రులతో వెళ్ళినప్పుడు ఈ తప్పు తేలికవుతుంది. ముందువాడు ఎగిరితే వెనకవాడికి ఆగడం నామోషీ.

మా యాత్రలో మూడో రోజు చెబుతాను. అంత దూరం కొండెక్కి, గ్లైడర్లు దించబోతుండగా వడ్రంగి మిత్రుడు సియెర్రా శిఖరాల వైపు వేలు చూపించాడు. ఒకదాని మీద ఒకటి బోర్లించిన పళ్ళేల్లా నునుపైన మబ్బులు రెండు కదలకుండా నిలబడి ఉన్నాయి. మేమున్న చోట గాలి లేదు, రిబ్బను వేలాడుతున్నది, ఎండ హాయిగా ఉంది. కాని ఆ మబ్బులంటే పైన పడమటి గాలి బలంగా వీస్తూ, పర్వతం దాటి లోయలోకి అలలా విరుచుకుపడుతున్నదని అర్థం; ఆ అల కింద సుడి ఉంటుంది. 1951–52లో శాస్త్రజ్ఞులు బిషప్ నుంచి గ్లైడర్ విమానాలు ఎగరేసి ఈ అలను పరిశీలించినప్పుడు, ఆ అల మీద ఇద్దరు 44,255 అడుగుల ఎత్తుకు వెళ్ళారు. 1955లో అదే ఇద్దరిలో ఒకరి గ్లైడర్ ఆ సుడిలో ముక్కలైపోయింది, ఆయన పారాచూట్‌తో బయటపడ్డాడు. అది గట్టి రెక్కల గ్లైడర్ విమానం. మావి గుడ్డవి. ఒక గంట కూర్చుని, ఒక్క తాడైనా విప్పకుండా వచ్చిన దారినే దిగిపోయాం. నెల్లూరు తమ్ముడు మూడేళ్ళుగా పోగేసుకున్న సెలవులతో వచ్చినవాడు. ఆ దారి పొడుగునా అతను మాట్లాడలేదు. మధ్యాహ్నం రెండు దాటాక లోయలో దుమ్ము గోడలా లేచినప్పుడు కిటికీలోంచి చూసి, "సరే అన్నా" అన్నాడు, అంతే.

కనుక మీ అబ్బాయిని ఎంత దూరం ఎగిరావని అడగకండి, కొండ ఎక్కి ఎగరకుండా ఎన్నిసార్లు దిగివచ్చావని అడగండి. ఒక్కసారి కూడా లేదంటే, లేదా ఆ ప్రశ్నకు నవ్వితే, అప్పుడు మీరు గట్టిగా మాట్లాడవచ్చు. ఏ మెట్టులో ఉన్నాడో, ఆ లోయను ముందే ఎరిగిన పెద్ద పైలట్ ఎవరైనా బృందంలో ఉన్నారో లేదో, అదనపు పారాచూట్‌ను మళ్ళీ మడిపించి ఎన్నాళ్ళయిందో, ఆక్సిజనూ ఉపగ్రహ సూచికా తీసుకువెళ్తున్నాడో లేదో కూడా అడగండి. అవి ఉన్నవాడు చెప్పడానికి విసుక్కోడు, పైగా సంబరంగా వివరిస్తాడు. మొదటిసారి వెళ్తుంటే నడి వేసవిలో వద్దని, సెప్టెంబరు ఆఖరులోనో అక్టోబరులోనో వెళ్ళమని చెప్పండి. ఎండ తగ్గాక ఆ లోయలో గాలి కాస్త మెత్తబడుతుంది.

మరొకటి. వాళ్ళలో కారు నడిపేదెవరో కనుక్కుని అతని నంబరు రాసిపెట్టుకోండి. పైన ఉన్నవాడు ఫోను తీయడు, తీయకూడదు. ఆ లోయలో చాలాచోట్ల సిగ్నలు ఉండదు గనుక సాయంత్రం మొదటిసారి అతను తీయకపోయినా కంగారుపడకుండా, వాళ్ళ టైము ప్రకారం రాత్రి తొమ్మిదికి మళ్ళీ చేయండి. ఆ వేళకు నలుగురూ ఏదో ఒక హోటల్లో బల్ల చుట్టూ చేరి, ఎవరు ఎక్కడ దిగారో ఉప్పు డబ్బాలూ చెంచాలూ పేర్చి చూపించుకుంటూ ఉంటారు.